వెచ్చగా మొలిచి చల్లగా కాసేది

క్యాప్సికం గింజని ఎప్పుడైనా అరచేతిలో వేసుకుని తీరిగ్గా చూశారటర్రా? మీ అమ్మ కాయ కోసి, మధ్యలో ఉన్న తెల్లటి గుత్తిని చాకుతో పెరికి చెత్తబుట్టలో పడేస్తుంది చూడండి, ఆ గుత్తిని పట్టుకుని ఉంటాయి. పల్చగా, గుండ్రంగా, ఒక పక్క చిన్న నొక్కుతో, లేత గోధుమరంగులో. పోపులపెట్టెలోంచి ఒక ఎండుమిరపకాయ తెచ్చి విప్పి, ఆ గింజలు కూడా పక్కన పొయ్యండి. క్యాప్సికం గింజ ఓ పిసరు పెద్దదే గాని, అంతకుమించి తేడా మీకు దొరకదు. దొరకదు ఎందుకంటే రెండూ ఒక్క జాతే. గుంటూరు మిరపకీ, ఈ బుట్టమిరపకీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఒక్కటే, క్యాప్సికం ఆన్యుం. రెండింటి తాతముత్తాతలూ మెక్సికో వైపు వాళ్ళు. పోర్చుగీసు ఓడలు మన తీరానికి రాకముందు మన వంటింట్లో అసలు మిరపకాయే లేదు, కారం కావాలంటే మిరియాల్లాంటివే.

మరి దీనికి కారమెందుకు లేదు? మిరపలో కారం పుట్టేది గింజలో కాదు, ఆ తెల్ల గుత్తిలో. అక్కడ తయారయ్యే కాప్సైసిన్ అనే పదార్థం గింజలకి అంటుకుంటుంది, మనం గింజదే కారం అనుకుంటాం. దాన్ని తయారుచెయ్యడానికి పన్1 అనే జన్యువు ఒకటి సవ్యంగా ఉండాలి. మీ నానమ్మ రాసుకున్న పచ్చళ్ళ పుస్తకంలో ఆవకాయ పేజీ ఎవరో చింపేశారనుకోండి. మామిడికాయలున్నాయి, ఆవపిండి ఉంది, నూనె ఉంది, ఆవకాయ మాత్రం లేదు. బుట్టమిరపలో జరిగింది అదే, ఆ జన్యువులో ఒక ముక్క ఎగిరిపోయింది. ఆ సంగతి 2005లో తేలింది. అంటే మనం కూరొండుకునేది కారం చెయ్యడం మరిచిపోయిన మిరపకాయన్నమాట.

కారం మాటొచ్చింది గనక ఇంకోటి చెప్పి అసలు సంగతికి, అంటే ఇంట్లో క్యాప్సికం నారు పెంచడానికి, వస్తాను. పంజరంలో రామచిలక పచ్చిమిరపకాయని కరకరా నమిలేస్తుంటే నోరెళ్ళబెట్టి చూస్తారు కదా. దానికి ఓర్పెక్కువ అనుకోకండి, దానికి కారం తెలీదు. మన నాలుక మీద కారానికని వేరే ఏర్పాటేమీ లేదు. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ‘కాలుతోంది’ అని కబురంపే చిన్న చిన్న గ్రాహకాలుంటాయి. కాప్సైసిన్ వెళ్ళి వాటినే తట్టి లేపుతుంది. అందుకే కారం తిన్నాక నోరు ‘మండింది’ అంటాం, చెమట్లు కూడా పడతాయి. డేవిడ్ జూలియస్ అనే ఆయన 1997లో ఆ గ్రాహకాన్ని పట్టుకున్నాడు, 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పక్షుల్లో ఆ గ్రాహకానికి కాప్సైసిన్ అంటదు. మిరప మొక్కకి కావలసిందీ అదే. ఎలుక తింటే గింజ నుజ్జయిపోతుంది, పిట్ట తింటే ఎక్కడో దూరాన రెట్టతోపాటు చెక్కుచెదరకుండా పడి మొలుస్తుంది. ఎలుకని తరిమి పిట్టని పిలవడానికి ఆ కారం. మనం మాత్రం తరిమినకొద్దీ ఆవకాయలో ఇంకో గరిటె వేసుకుంటున్నాం!

సరే, నారు. ముందు గింజ ఎక్కడిది? ఫ్రిజ్‌లో ఉన్న పచ్చ కాయ గింజలు వెయ్యకండి. పచ్చగా ఉందంటే అది ఇంకా పండలేదు, లోపల గింజా ముదరలేదు. ఎర్రగానో పసుపుపచ్చగానో పండిన కాయ గింజలు మొలుస్తాయి గాని, బజారు కాయల్లో చాలామటుకు సంకరజాతివి. వాటి పిల్లలు తల్లిని పోలవు, ఒకటి పొడుగు కాస్తే ఇంకోటి గోళీకాయంత కాస్తుంది. సరదాకైతే అవే వేసుకోండి, తమాషాగా ఉంటుంది. కాయే కావాలనుకుంటే గింజల ప్యాకెట్టు కొనాలి. కాలిఫోర్నియా వండర్ పాతకాలం నుంచీ ఉంది. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళవి అర్క మోహిని, అర్క గౌరవ్ ఉన్నాయి. ప్యాకెట్టు మీద తేదీ చూడండి, మిరపజాతి గింజకి రెండు మూడేళ్ళు దాటితే ఓపిక తగ్గిపోతుంది.

మన వీధిలో అందరూ అనే మాటొకటుంది. క్యాప్సికం పక్కన మిరపమొక్క ఉంటే క్యాప్సికం కారమెక్కిపోతుందని. సగం నిజం. మిరప పుప్పొడి తేనెటీగ కాలికంటుకుని క్యాప్సికం పువ్వు మీద పడొచ్చు. కానీ ఆ పువ్వు కాయయితే, కాయ గోడా, లోపలి తెల్ల గుత్తీ అంతా తల్లి ఒంట్లో భాగమే. తండ్రి వాటా గింజ లోపలికే. కాబట్టి ఈ ఏడాది కాయ కమ్మగానే ఉంటుంది. ఆ గింజ దాచి వచ్చే ఏడు నాటారో, అప్పుడు బయటపడుతుంది తండ్రి సంగతి. కారం జన్యువు ఒకవైపునుంచి వచ్చినా చాలు, మాట దానిదే చెల్లుతుంది. మీ అమ్మ కాయలో ఆలూ కూరి వేయించి పెడితే ఇంటిల్లిపాదీ నీళ్ళకి పరిగెడతారు.

నాటడానికి పేపరు టీ గ్లాసులు చాలు, అడుగున బెజ్జం పెట్టి. కొబ్బరిపొట్టు ఇటుకలాగ అమ్ముతారు, నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. మూడొంతులు అదీ, ఒక వంతు వర్మికంపోస్టూ కలపండి. వర్మికంపోస్టు లేకపోతే బాగా చివికిన గత్తం జల్లించి వాడొచ్చు. చెయ్యి పెడితే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు, అప్పుడే చివికినట్టు. పెరట్లో మట్టి మాత్రం ఒద్దు, ఎందుకో తరవాత చెప్తాను. గింజని రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, పొద్దున్న చిటికినవేలి గోరు మునిగేంత లోతులో పెట్టి, పైన పొడి పొట్టు చల్లండి.

ఇక ఆగాలి. పెసలు ఒక రాత్రికి మోసులెత్తుతాయి, ఇది ఎనిమిది, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. మీరు రోజూ వేలితో తవ్వి చూస్తారని నాకు తెలుసు, తవ్వకండి. లోపల చాలా పని జరుగుతోంది. నీరు తాగి ఉబ్బాక దాచుకున్న ఆహారాన్ని కరిగించే ఎంజైములు లేస్తాయి. అవి చురుగ్గా పనిచెయ్యాలంటే 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. 15 కిందకి దిగితే గింజ బద్ధకంగా పడుకుండిపోతుంది. చలికాలంలో ఇడ్లీపిండి పొంగకపోవడానికీ కారణం ఇంచుమించు ఇదే, లోపలి జీవుల పని మందగిస్తుంది.

ఈ వెచ్చదనం కోసం చలిదేశాల వాళ్ళు పడే పాట్లు చూడాలి. బయట మంచు ఉండగానే కిటికీ అరుగు మీద తొట్లు పెట్టి, కింద కరెంటు చాపలు పరిచి గింజల్ని వెచ్చబెడతారు. ఆ చలిదేశాల్లో ఒకటైన హంగరీ వాళ్ళకి ఈ మిరపంటే ప్రాణం. అక్కడ సెగెడ్ అనే ఊళ్ళో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి అనే శాస్త్రవేత్త విటమిన్ సి కోసం వెతుకుతున్నాడు. ఒక రాత్రి భార్య భోజనంలోకి తాజా మిరప పెట్టింది. ఆయనకి తినబుద్ధి కాలేదు, తిననంటే ఏమంటుందోనని దాన్ని ప్రయోగశాలకి పట్టుకుపోయాడు. అర్ధరాత్రయ్యేసరికి తెలిసింది, అది విటమిన్ సి గని అని. ఆయనే చెప్పుకున్న కథ ఇది. 1937లో నోబెల్ వచ్చింది. మీరు కూర ఒదిలేస్తే మాత్రం మీ నానమ్మ ఏ బహుమతీ ఇవ్వదు.

మనకి నర్సీపట్నంలో ఆ బాధ లేదు. గింజకి కావలసిన వేడి దేవుడు ఉచితంగా ఇచ్చాడు. మన బాధంతా అవతలి కొసన ఉంది. గింజ దశలో వెచ్చదనం కోరిన ఈ మొక్కే, పువ్వు దశకొచ్చేసరికి చల్లదనం కోరుతుంది. పగలు 32 దాటి, రాత్రికూడా ఉక్కపోస్తే పుప్పొడి చెడిపోతుంది, పువ్వు కాడతో సహా రాలిపోతుంది. మొక్క ఏపుగా ఉంటుంది, కాయ ఒక్కటుండదు. అందుకే మే నెలలో నారు పోసి బెంగపెట్టుకోకూడదు. పైకి, లంబసింగి ఘాటీ ఎక్కితే లెక్క మారిపోతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది, లంబసింగి ఉన్నది ఇంచుమించు ఆ ఎత్తులోనే. చలికాలం తెల్లవారుజామున అక్కడ నీళ్ళు ముట్టుకోలేం, స్ట్రాబెర్రీలే పండిస్తున్నారు. మనం కొండెక్కలేం గనక, కొండ చలి మన దగ్గరికి దిగే రోజులు చూసుకోవాలి. వినాయకచవితి వెళ్ళాక గింజ పెడితే, దీపావళి దగ్గర్లో నారు కుండీలోకి మారుతుంది, కార్తీకం, మార్గశిరం చలిలో పూస్తుంది, సంక్రాంతికి కాయ కోస్తాం.

ఇందులో ఒక చిక్కుంది. ఆ నారు రోజులే మనకి తుపాను రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మహామహా చెట్లే కూలిపోయాయి, ఇక రెండాకుల నారెంత? ఇంట్లో నారు పెంచడంలో సుఖమంతా ఇక్కడే ఉంది. వరికి పోసిన ఆకుమడిని ఎత్తి నట్టింట్లో పెట్టుకోలేం, టీ గ్లాసుల పళ్ళేన్ని పెట్టుకోగలం.

మొలక వచ్చేటప్పుడు దగ్గర కూచుని చూడండి. తల నిటారుగా రాదు. మెడ వంచి, ఆ వంపుతో మట్టిని తోసుకుంటూ వస్తుంది, లేత తల నలగకుండా. వెలుతురు తగిలాక మెల్లిగా నిలబడి, రెండు సన్నటి కోసు ఆకులు విప్పుతుంది. కొన్నిటికి గింజ తొక్క ఊడక ఆకుల కొసల్ని పట్టుకునుంటుంది. లాగితే తల తెగిపోతుంది. ఓ నీటిచుక్క అద్ది సాయంత్రందాకా ఒదిలెయ్యండి, నాని అదే జారిపోతుంది.

మొలక కనపడ్డ రోజునుంచే వెలుతురు చూపించాలి. గదిలో ఉంచితే కాడ సన్నగా, పాలిపోయి, కిటికీవైపు సాగిపోతుంది. వెలుతురు వచ్చేవైపు మొక్క వంగడం గురించి డార్విన్ తాతగారు, కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి ఎన్నో ప్రయోగాలు చేసి 1880లో పుస్తకం వేశాడు. గడ్డిమొలకల కొసలకి చిన్న చిన్న టోపీలు పెట్టి వెలుతురు తగలకుండా చేస్తే, అవి వంగడం మానేశాయట. అంటే వెలుతుర్ని చూసేది కొస, వంగేది కింది కాడ. కొసనుంచి కబురు మోసేది ఆక్సిన్ అనే పదార్థమని తరవాతివాళ్ళు తేల్చారు. అది నీడవైపు ఎక్కువ చేరుతుంది, ఆ వైపు కాడ ఎక్కువ సాగుతుంది, మొక్క వెలుతురువైపు వాలుతుంది. మీరూ చెయ్యొచ్చు. మొక్కజొన్న మొలకలు నాలుగు, అందులో రెండింటికి చాక్లెట్టు రేకుతో టోపీలు, ఒక పక్కే కిటికీ. మిరప నారుకి మాత్రం టోపీలొద్దు, అరుగు అంచున పొద్దుటెండ తగిలేచోట పెట్టి పళ్ళేన్ని రోజూ తిప్పుతుండండి.

పెరటి మట్టి ఎందుకొద్దన్నానో చెప్తానన్నాను కదూ. నిన్నటిదాకా నవ్వుతున్న నారు పొద్దున్నకి మొదట్లో నీరుకారి నడుం విరిగి పడుంటుంది. దీన్నే నారుకుళ్ళు అంటారు. పితియం అనే సూక్ష్మజీవి పని. బూజులా కనపడుతుంది గాని నిజానికి బూజుల చుట్టం కాదు, నాచుజాతులకి దగ్గర. దాని బీజాలకి రెండేసి తోకలుంటాయి, మట్టిరేణువుల మధ్య నీటిపొరలో ఈదుకుంటూ లేత వేరు వాసన పట్టుకుని వస్తాయి. ఈదడానికి నీళ్ళు లేకుండా చేస్తే చాలావరకు గండం గడుస్తుంది. అందుకే నీళ్ళు పొద్దున్నే పొయ్యాలి, సాయంత్రానికి పైపొర ఆరాలి. ప్రేమకొద్దీ పూటపూటా పోసేవాళ్ళ నారే ముందు పోతుంది. మిశ్రమంలో ట్రైకోడెర్మా పొడి కాస్త కలిపితే ఆ మంచి బూజు ఈ చెడ్డదాన్ని తినేస్తుంది.

ఆకులు పైకి దొప్పలా ముడుచుకుంటే తామరపురుగు, రైతులు పైముడత అంటారు. కిందికి తిరగబడ్డ దోనెలా ముడిస్తే నల్లి, అది కిందిముడత. ఆకు వెనక్కి తిప్పి చూస్తే చాలు. నారు దశలో వేపనూనె నీళ్ళతో సరిపోతుంది.

నాలుగైదు అసలు ఆకులొచ్చి, నాటి నలభై రోజులవుతున్నప్పుడు కుండీ మార్చాలి. ఉన్నపళంగా ఎండలో పెట్టకుండా ఓ వారంపాటు రోజుకి కాస్తకాస్త ఎండకీ గాలికీ అలవాటు చెయ్యండి, ఆకు తోలు దళసరెక్కుతుంది. మార్చేది సాయంత్రం పూట, గ్లాసు చింపి, వేళ్ళచుట్టూ ఉన్న ముద్ద చెదరకుండా.

కొన్నాళ్ళకి కాడ రెండుగా చీలి, ఆ చీలిక దగ్గర మొదటి మొగ్గ వస్తుంది. దాన్ని తెంపెయ్యాలంటారు, మొక్క బలం కాయకి కాకుండా ముందు కొమ్మలకి వెళ్తుందని. మీ నానమ్మ దగ్గర ఆ మాటంటే ‘పూచిన పువ్వుని తెంపుతావా’ అని లేస్తుంది. అందుకని తగువు లేకుండా రెండు కుండీలు పెట్టండర్రా. ఒకదానికి తెంపండి, ఒకదానికి ఉంచండి. సంక్రాంతి వెళ్ళి నెలయ్యేదాకా కాయలు లెక్కపెట్టి గోడమీద బొగ్గుతో రాయండి, ఎవరి మాట నెగ్గిందో అప్పుడు చూద్దాం.