నయమైన బిడ్డకు మరల పరీక్ష యేల?

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు త్రోవలో, అడవి మొదలగు తావుననున్న యొక పల్లెలో మేము కాపురమున్నాము. మా వారు ఇచ్చటి బడిలో ఉపాధ్యాయులు. వారి తరగతిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు కలడు. మూడవయేట వానికి హైదరాబాదులో కాలేయమును మార్చిరి. తన కాలేయమునుండి కొంత భాగమిచ్చి వానిని బ్రతికించుకొన్నది కన్నతల్లియే. మొన్న ఆమె మా యింటికి వచ్చి, "పిల్లవాడు బంతిలాగ తిరుగుతున్నాడు గదమ్మా! రక్తపరీక్షలు కూడ బాగున్నాయన్నారు. రెండు రోజుల కూలి పోగొట్టుకొని మళ్ళా అంత దూరం పోవాలా?" అని యడిగెను. ఇట్టి సందేహము మరికొందరు తల్లులకును కలుగవచ్చును. కావున మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కొందరు శిశువులకు పుట్టిన కొలదికాలమునకే పైత్యనాళములు మూసుకొనిపోవును. పైత్యరసము ప్రేవులలోనికి దిగక నిలిచి కాలేయమును చెరచును. పుట్టిన రెండు వారములకును పచ్చకామెర్లు తగ్గక, మలము తెల్లబారిన యెడల ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. ఆ వ్యాధి ముదిరినచో కాలేయమును మార్చుటయే గతి. 1963లో అమెరికాలోని డెన్వరు నగరమున డాక్టరు థామస్ స్టార్జల్ తొలిసారి ఈ శస్త్రచికిత్సను ఒక బాలునకు చేసెను గాని, వాడు దక్కలేదు. మన దేశమున 1998లో ఢిల్లీలో ఒక పసివానికి చేసినది సఫలమయ్యెను. తండ్రి కాలేయభాగముతో బ్రతికిన యా బిడ్డ పెరిగి పెద్దవాడై వైద్యవిద్య నభ్యసించెను. 2024లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో మూడేండ్ల బాలునకు తల్లి కాలేయభాగము నమర్చిరి.

అయినను కథ అంతటితో ముగియదు. తల్లి యిచ్చినదైనను ఆ యవయవమును బిడ్డ శరీరము పరాయిదానినిగానే యెంచును. ఆ పోరు నణచుటకే టాక్రోలిమస్ మొదలగు మందులను ప్రతిదినము వేళ తప్పక ఇయ్యవలెను. అట్లిచ్చుచున్నను కొందరిలో సన్నని వాపు లోలోన రగులుచుండును. పుండు మానినచోట చర్మము బిరుసెక్కునట్లు, ఆ వాపు తగిలిన తావుల కాలేయమున మచ్చలు కట్టి గట్టిపడును. నొప్పి యుండదు. ఆకలి తగ్గదు. రక్తపరీక్షలు సైతము సరిగానే కనబడవచ్చును. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము వైద్యులు కాలేయము మార్చిన పిల్లలను యేండ్ల తరబడి పరీక్షించి, పదేండ్లు గడచిన వారిలో అధికసంఖ్యాకులకు ఇట్టి మచ్చలున్నట్లు 2006లో ప్రకటించిరి.

మునుపు దీనిని కనుగొనుటకు బయాప్సీ యొక్కటియే సాధనము. సూదితో కాలేయమునుండి సన్నని తునక తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. పసిబిడ్డను మాటిమాటికి అట్లు గ్రుచ్చుటకు ఏ తల్లి మనసొప్పును? ఫ్రాన్సు దేశమున పుట్టిన ఫైబ్రోస్కాన్ అను యంత్రము ఈ బాధను కొంత తీర్చినది. లేత ముంజెను నొక్కిన మెత్తగా నుండును. ముదిరిన టెంక రాయివలె నుండును. ఆ భేదమును వ్రేలు ఎరుగునట్లే ఈ యంత్రము కాలేయపు బిరుసు నెరుగును. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, అమర్చిన భాగమున్న తావున చర్మముపై చల్లని జిగురు పూసి, చిన్న పరికరము నానింతురు. అది వ్రేలితో మీటినట్లు మెల్లగా తట్టును. ఆ తాకుడువలన పుట్టిన అల మెత్తని కాలేయములో మెల్లగను, గట్టిదానిలో వేగముగను పోవును. ఆ వేగమునుబట్టి బిరుసును కిలోపాస్కళ్లలో లెక్కింతురు. పదిమారులు కొలిచి నడిమి అంకెను గైకొందురు. కోత లేదు, రక్తము లేదు. కొలది నిమిషములలో ముగియును. పరీక్షకు ముందు మూడు గంటలు బిడ్డకు ఆహార మీయరాదు; తిన్నయెడల అంకె హెచ్చును.

ఈ యంత్రము సర్వజ్ఞము కాదు. కాలేయము వాచినను, పైత్యము నిలిచినను అంకె పెరుగును. స్వల్పమైన మచ్చలు దానికి చిక్కకపోవచ్చును. సందేహము కలిగినపుడు బయాప్సీ తప్పదు. కావున ఒక్కనాటి అంకెకన్న, అదే బిడ్డకు ఏటేట వచ్చిన అంకెల వరుసయే వైద్యునికి ఎక్కువ తెలుపును. నడుమ ఒక మారు మానినచో ఆ వరుస తెగును.

మరియొక మాట. కామెర్లకు పసరు పోయించుట మన సీమలో వాడుక. కాలేయము మార్చిన బిడ్డకు వైద్యునడుగక ఏ పసరును పోయరాదు. కొన్ని మూలికలు కాలేయమునకే హాని చేయును; కొన్ని మందుల బలమును తారుమారు చేయును.

అప్పును, నిప్పును, రోగమును శేషముంచరాదని పెద్దలు చెప్పుదురు. ఆ తల్లికిని మేమదియే చెప్పితిమి. మా వారు బాలునకు సెలవిచ్చి, పోయిన పాఠములను సాయంకాలము చెప్పెదమనిరి. ఆమె పోయి వచ్చినది. అంకె మునుపటికన్న కొంచెము పెరిగినదట. వైద్యులు మందుల మోతాదు సవరించి మూడు మాసములకు మరల రమ్మనిరి. "పోకపోతే తెలిసేదే కాదమ్మా" అని ఆమె కన్నీరు తుడుచుకొనెను. బాలుడు మాత్రము మా వాకిట బంతియాడుచుండెను.