రోటరీ ఇంజిన్ స్పోర్ట్స్ కారు పునరుద్ధరణ: తొలిసారి చేపట్టేవారికి

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రోటరీ ఇంజిన్ పనిచేసే విధానాన్ని పిస్టన్ ఇంజిన్‌తో పోల్చి వివరించగలుగుతారు.
• పాత కారును విప్పేముందు చేయవలసిన పరిశీలనలను వరుసగా చెప్పగలుగుతారు.
• కంప్రెషన్ పరీక్ష ఫలితాన్ని బట్టి లోపం ఎక్కడుందో అంచనా వేయగలుగుతారు.
• పునరుద్ధరణ పనిని ఏ క్రమంలో చేయాలో, ఆ క్రమమే ఎందుకో కారణాలతో రాయగలుగుతారు.

1.1 పరిచయం

మజ్దా అన్న పేరు మీకు కొత్త కాదు. స్వరాజ్ మజ్దా వ్యాన్లను, మినీ బస్సులను మన రోడ్లపై చూసే ఉంటారు. వాటిలో ఉండేది మామూలు డీజిల్ ఇంజిన్. అదే జపాన్ సంస్థ 1978లో ఆర్.ఎక్స్-7 అనే చిన్న స్పోర్ట్స్ కారును తెచ్చింది. అందులో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. మూడు మూలల రోటార్లు రెండు తిరుగుతూ బండిని నడుపుతాయి. 2002 వరకు మూడు తరాలుగా వచ్చిన ఈ కార్లు మొత్తం 8 లక్షలకు పైగా తయారయ్యాయి. అమెరికాలో ఎక్కువగా అమ్ముడైనందువల్ల, పాత బండిని కొని బాగుచేసుకోవాలనుకునే ఔత్సాహికులు ఇప్పటికీ అక్కడ చాలామంది ఉన్నారు.

మీలో చాలామందికి ఆ కారు చేతికి రాకపోవచ్చు. అయినా ఈ పాఠం మీకు అవసరమే. తెలియని యంత్రం ముందు నిలబడినప్పుడు తొలి పని స్పానర్ పట్టడమా, ప్రశ్న వేయడమా? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే. నేను దీనికి తప్పు సమాధానం చెప్పి నష్టపోయాను. ఆ సంగతి 1.4లో చదువుతారు.

1.2 ఇంజిన్ చరిత్ర, నిర్మాణం

ఈ ఇంజిన్‌కు మూలపురుషుడు జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ (1902–1988). ఎన్.ఎస్.యు. అనే జర్మన్ సంస్థలో 1957లో తొలి నమూనా నడిచింది. హిరోషిమాలోని టోయో కోగ్యో సంస్థ (నేటి మజ్దా) దీనిపై హక్కులు పొంది, కెన్‌ఇచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లను పరిశోధనకు నియమించింది. వారికి ఎదురైన పెద్ద చిక్కు ఒకటుంది. రోటార్ మూలల్లో ఉండే సీళ్లు అదురుతూ, లోపలి గోడపై గోళ్లతో గీరినట్లు గీతలు పెట్టేవి. ఇంజనీర్లు వాటిని ‘సైతాను గోటి గీతలు’ అనేవారు. సీళ్లను కొత్త మిశ్రమ పదార్థంతో తయారుచేసి ఈ చిక్కును దాటిన తరువాత, 1967లో కాస్మో స్పోర్ట్ కారు మార్కెట్లోకి వచ్చింది.

ఇప్పుడు నిర్మాణం చూద్దాం. నడుము దగ్గర కొద్దిగా నొక్కినట్లుండే కోడిగుడ్డు ఆకారపు గదిని ఊహించుకోండి. అందులో, పక్కలు ఉబ్బిన త్రిభుజంలాంటి రోటార్ తిరుగుతుంది. దాని మూడు మూలలూ గోడను ఎప్పుడూ తాకుతూనే ఉంటాయి. కాబట్టి రోటార్‌కు, గోడకు మధ్య మూడు ఖాళీలు ఏర్పడతాయి. రోటార్ తిరిగే కొద్దీ ఒక్కో ఖాళీ పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంటుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, పొగను బయటకు నెట్టడం అనే నాలుగు పనులూ ఇలాగే జరుగుతాయి.

రోటార్ ఒక చుట్టు తిరిగేసరికి మధ్యలోని ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. అంటే ఇరుసు ప్రతి చుట్టుకూ ఒక్కో రోటార్ ఒక్కసారి శక్తినిస్తుంది. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారే శక్తినిస్తుంది. తొలి తరం ఆర్.ఎక్స్-7లో ఎక్కువగా వాడిన 12ఎ ఇంజిన్‌లో ఒక్కో గది 573 సి.సి.; రెండు గదులు కలిపి 1146 సి.సి. ఇంత చిన్న ఇంజిన్, టన్నుకు కాస్త మించిన బరువున్న కారును హుషారుగా లాగడానికి కారణం ఇదే.

పునరుద్ధరణకు పూనుకునేవారు గుర్తుంచుకోవలసిన లక్షణాలు మూడు:

(అ) కంప్రెషన్‌ను నిలిపేవి సీళ్లే. రోటార్ మూలల్లో ఉండేవి అపెక్స్ సీళ్లు, పక్కల్లో ఉండేవి సైడ్ సీళ్లు, ఈ రెండింటినీ కలిపేవి కార్నర్ సీళ్లు.

(ఆ) ఈ ఇంజిన్ కొంత ఆయిల్‌ను కావాలనే మండిస్తుంది. సీళ్ల జారుడు కోసం ఒక చిన్న పంపు కొలత ప్రకారం ఆయిల్‌ను లోపలికి పంపుతుంది. కాబట్టి ఆయిల్ తగ్గడం దానంతటదే జబ్బు కాదు. తరచూ ఆయిల్ మట్టం చూడకపోవడమే ప్రమాదం.

(ఇ) ఇది పొరల కట్ట. మూడు పోత ఇనుము పలకల మధ్య రెండు అల్యూమినియం గదులను పెట్టి పొడవాటి బోల్టులతో బిగిస్తారు. వేడికి ఈ రెండు లోహాలూ ఒకే తీరున వ్యాకోచించవు. ఇంజిన్ ఒక్కసారి బాగా వేడెక్కినా పొరల మధ్య నీటిని ఆపే రబ్బరు సీళ్లు చెడిపోవచ్చు.

1.3 విప్పక ముందు చేయవలసిన పరిశీలనలు

కారు ముందు నిలబడ్డారు. బానెట్ ఎత్తాలని మీ చేతులు ఉవ్విళ్లూరుతాయి. ఆగండి. ముందు కారు కిందికి చూడండి.

మొదటిది తుప్పు. ఇంజిన్‌ను మార్చవచ్చు, తుప్పు తిన్న బాడీని నిలబెట్టడం కష్టం. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఆధారం. చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే ప్రాంతాల్లో తిరిగిన బండి అయితే మరింత జాగ్రత్త అవసరం. తలుపుల కింది అంచులు, వెనుక చక్రాల పైనుండే వంపులు, కాళ్లు పెట్టుకునే నేల, వెనుక సామాను పెట్టే చోటు పరీక్షించండి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దు శబ్దం చేస్తుంది.

రెండవది యాజమాన్య పత్రాలు. అవి సరిగా లేని బండిని ఎంత బాగుచేసినా రోడ్డెక్కించలేరు.

మూడవది కంప్రెషన్ పరీక్ష. పిస్టన్ ఇంజిన్‌కు వాడే మామూలు గేజ్‌లో ఒక వాల్వు ఉంటుంది. అది వచ్చిన పీడనాలలో అన్నిటికన్నా ఎక్కువదాన్ని మాత్రమే పట్టి చూపుతుంది. రోటార్‌కు మూడు ముఖాలు ఉన్నాయి కదా, మూడూ విడివిడిగా తెలియాలి. అందుకు రోటరీ కోసమే తయారుచేసిన గేజ్ ఉంది. అది దొరకనప్పుడు మామూలు గేజ్‌లోని వాల్వును తీసేసి, స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పుతూ ముల్లు కొట్టుకునే తీరు చూడండి. ముందుగా ఇగ్నిషన్ వైర్లు, పెట్రోలు పంపు కనెక్షన్ తీసేయడం మరవవద్దు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఇంజిన్ నిమిషానికి సుమారు 250 చుట్లు తిరగాలి.

ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోవాలి:
• ముల్లు మూడుసార్లూ సమానంగా, బలంగా ఎగిరితే సీళ్లు పనిచేస్తున్నాయి.
• పక్కపక్కనే ఉన్న రెండు ముఖాలు బలహీనంగా ఉంటే వాటి మధ్యనున్న అపెక్స్ సీల్‌ను అనుమానించాలి. ఒక మూల రెండు ఖాళీలకు సరిహద్దు కనుక అది చెడితే రెండూ దెబ్బతింటాయి.
• ఒక్క ముఖమే బలహీనమైతే ఆ ముఖం వైపున్న సైడ్ లేదా కార్నర్ సీల్‌ను అనుమానించాలి.
• మూడూ సమానంగా తక్కువగా ఉంటే వెంటనే ‘ఇంజిన్ అరిగిపోయింది’ అనవద్దు. బ్యాటరీ నీరసంగా ఉండవచ్చు. లోపల పెట్రోలు నిండి ఉండవచ్చు.

కంపెనీ మాన్యువల్ సాధారణంగా చెప్పే కనిష్ఠ హద్దు చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు, అంటే సుమారు 85 పి.ఎస్.ఐ. మీ మోడల్ మాన్యువల్‌తో సరిచూసుకోండి.

పై నాలుగవ ఫలితంలోని చివరి మాటను మళ్లీ చదవండి. చల్లగా ఉన్న రోటరీ ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేస్తే లోపల పెట్రోలు మిగిలిపోతుంది. అది సీళ్లపైనున్న ఆయిల్ పొరను కడిగేస్తుంది. కంప్రెషన్ పడిపోతుంది, ఇక ఇంజిన్ స్టార్ట్ కాదు. చూసేవారికి ఇంజిన్ చచ్చినట్లే ఉంటుంది. చేయవలసింది ఇంతే: పెట్రోలు సరఫరా, ఇగ్నిషన్ వైర్లు తీసి, ప్లగ్గులు విప్పి, స్టార్టర్‌తో తిప్పి పెట్రోలును బయటకు పోనివ్వాలి. ప్లగ్ రంధ్రాల్లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ వేయాలి. ఆరిన ప్లగ్గులు బిగించి మళ్లీ ప్రయత్నించాలి. బయటకు వచ్చే పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ ఉండకూడదు.

1.4 ఒక అనుభవం

1990లో నేను పరిశోధన కోసం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్నాను. ఒక ఇంటి షెడ్డులో ఉన్న 1984 నాటి ఆర్.ఎక్స్-7ను, నాలుగు నెలలు పొదుపు చేసిన డబ్బుతో కొన్నాను. అది స్టార్ట్ కాదని అమ్మినాయన ముందే చెప్పాడు. షెడ్డు ఊడ్చేటప్పుడల్లా బయటకు తీసి మళ్లీ లోపల పెట్టేవాడినని కూడా చెప్పాడు. ఆ మాట నా చెవిన పడింది కాని బుర్రకెక్కలేదు. రోటరీ అంటే సీళ్లు పోతాయని ఎక్కడో చదివి ఉన్నాను. అప్పటికే డాక్టరేట్ ఉన్నవాణ్ణి కదా, రోగం తెలిసిపోయిందనుకున్నాను. పరీక్ష చేయలేదు. మూడు వారాంతాల్లో ఇంజిన్ దించి విప్పేశాను.

పక్కింట్లో రిటైరైన మెషినిస్టు ఒకాయన ఉండేవాడు. ఆయన మైక్రోమీటర్ తెచ్చి ఒక్కో అపెక్స్ సీల్‌నూ కొలిచాడు. అన్నీ మాన్యువల్ చెప్పిన హద్దుల్లోనే ఉన్నాయి. ఆయన నన్నేమీ అనలేదు. “విప్పకముందు కంప్రెషన్ ఎంత వచ్చింది?” అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

విప్పిన రబ్బరు సీళ్లను తిరిగి వాడకూడదు, కొత్తవి కొనాలి. ఏ సీల్ ఏ గాడిలోదో నేను గుర్తు పెట్టలేదు. ఈలోగా నా ఫెలోషిప్ గడువు ముగిసింది. పదకొండు అట్టపెట్టెల్లో సర్దిన కారును, కొన్న ధరలో నాలుగో వంతుకు అమ్మి ఇండియా వచ్చేశాను. దానికి బహుశా ఒక గంట పని, గరిటెడు ఆయిల్ సరిపోయేవి. నేను పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు. బాగున్నదాన్ని నా చేతులతో పాడుచేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. తరువాత ముప్ఫై ఏళ్లు ప్రయోగశాలలో నా విద్యార్థులను నేను అడిగిన మొదటి ప్రశ్న ఆ మెషినిస్టు ప్రశ్నే: “విప్పకముందు ఎంత వచ్చింది?”

1.5 పని క్రమం

కారు మీదయ్యాక ఈ వరుసను పాటించండి.

1. బండి కదలడం కన్నా ఆగడం ముఖ్యం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, ఏళ్లు గడిస్తే సిలిండర్లు లోపల తుప్పుపడతాయి. ముందు బ్రేకులు బాగుచేయండి. బండి కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు, స్టాండ్లు తప్పనిసరి.

2. పాత పెట్రోలు తీసేయండి. నిలవ పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్ రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు కడిగి, పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయండి.

3. రేడియేటర్, హోస్ పైపులు, థర్మోస్టాట్, మూత సరిచేయండి. వీటిపై పొదుపు చేస్తే ఇంజిన్‌పై ఖర్చు చేయవలసి వస్తుంది.

4. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌కు వెంటనే స్టార్టర్ వేయవద్దు. ప్లగ్ రంధ్రాల్లో పలుచని ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపుకే చేత్తో మెల్లగా తిప్పండి. పట్టేస్తే బలవంతం చేయవద్దు.

5. ఇంజిన్ నడిస్తే వేడెక్కాక కంప్రెషన్ మళ్లీ కొలిచి, తేదీ వేసి రాసిపెట్టండి. కూలెంట్ తగ్గుతోందా, స్టార్ట్ చేయగానే తెల్లపొగ ఆగకుండా వస్తోందా గమనించండి. ఈ రెండూ కనిపిస్తే పొరల మధ్య సీళ్లను అనుమానించాలి.

6. కొలతలు తప్పదన్నప్పుడే ఇంజిన్ విప్పండి. వెనుక ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే నట్టు ఒక్కటే 54 మిల్లీమీటర్లది, మామూలు స్పానర్ల పెట్టెలో దానికి సరిపోయేది దొరకదు. కాబట్టి పనిముట్లు సమకూరాకే మొదలుపెట్టండి. ప్రతి దశలో ఫోటో తీయండి. ప్రతి సీల్‌నూ ఏ రోటార్, ఏ మూల, ఏ పక్కదో రాసిన సంచిలో వేయండి.

7. రంగు, సీట్లు, మెరుగులు చివర. చాలామంది వీటితోనే మొదలుపెడతారు, డబ్బు అక్కడే అయిపోతుంది.

1.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) రోటార్ ఒక చుట్టు తిరిగితే ఇరుసు ఎన్ని చుట్లు తిరుగుతుంది?
2) పక్కపక్క ముఖాలు రెండింటిలో కంప్రెషన్ తక్కువగా ఉంటే ఏ సీల్‌ను అనుమానించాలి? ఎందుకు?
3) రోటరీ ఇంజిన్ ఆయిల్ మండించడం లోపమా?

1.7 సారాంశం

రోటరీ ఇంజిన్‌లో కదిలే భాగాలు తక్కువ, కాని దాని బలమంతా సీళ్లపైన, చల్లదనంపైన ఆధారపడి ఉంటుంది. స్టార్ట్ కాని ఇంజిన్ చెడిపోయిన ఇంజిన్ కానక్కరలేదు. తుప్పు, పత్రాలు, కంప్రెషన్ చూసిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. బ్రేకులు, పెట్రోలు, శీతలీకరణ ముందు, ఇంజిన్ అవసరమైతేనే, అలంకరణ చివర. కొలవకుండా విప్పితే, ఉన్న లోపం తెలియకపోగా లేని లోపాలు పుట్టుకొస్తాయి.

1.8 కృత్యం

మీ ఇంట్లో పనిచేయని మిక్సీ, ఫ్యాను, సైకిల్ ఏదైనా ఒకటి ఎంచుకోండి. విద్యుత్ పరికరమైతే ముందు ప్లగ్ తీసేయండి. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా అరగంట పరిశీలించి మూడు జాబితాలు రాయండి: నాకు కనిపించినవి, నేను అనుమానిస్తున్నవి, ఆ అనుమానం తీరడానికి చేయగల పరీక్షలు. రెండవ జాబితా మూడవదాని కన్నా పొడవుగా ఉంటే, మీరు ఇంకా విప్పడానికి సిద్ధంగా లేరని అర్థం.

1.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. పది వాక్యాల్లో సమాధానం రాయండి.
1. రోటరీ ఇంజిన్ పొరల నిర్మాణాన్ని వివరించి, వేడెక్కడం వల్ల కలిగే నష్టాన్ని తెలపండి.
2. పెట్రోలు నిండిన ఇంజిన్‌ను తిరిగి స్టార్ట్ చేసే విధానాన్ని రాయండి.

II. ముప్ఫై వాక్యాల్లో సమాధానం రాయండి.
1. పాత రోటరీ ఇంజిన్ కారు పునరుద్ధరణలో పని క్రమాన్ని కారణాలతో చర్చించండి.