మడమ శూల - వ్యాయామము

ఉదయమున నిద్ర లేచి, మంచము దిగి, నేలపై మొదటి అడుగు మోపగానే మడమలో ముల్లు దిగినట్లు పోటు పొడుచును. నాలుగడుగులు కుంటుచు నడచిన పిదప నొప్పి కొంత సర్దుకొనును. స్నానము, ఫలాహారము ముగించి బయలుదేరునప్పటికి అది ఉన్నట్లే తోచదు. కాని బడిలో మూడు నాలుగు గంటలు నిలబడి పాఠము చెప్పి, కొంతసేపు కూర్చుండి, మరల లేవబోవు ఉపాధ్యాయునకు అదే పోటు ఎదురగును. దీనినే మనవారు మడమ శూల అందురు. ఆయుర్వేద గ్రంథములలో ఇటువంటి బాధకు వాతకంటకము అని పేరు. కంటకమనగా ముల్లు. రోగి అనుభవమునకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

ఈ నొప్పి ప్రాణము తీయునది కాదు. అయినను దీనివలన కలుగు చిక్కు చిన్నది కాదు. మధుమేహముగల నలుబదియైదేండ్ల వ్యక్తిని రోజూ నడువుమని వైద్యుడు చెప్పెననుకొందము. అతడు ఉత్సాహముతో మొదటి వారమే రోజునకు ఐదు కిలోమీటర్లు నడచెను. మూడవ వారమున మడమ నొప్పి మొదలయ్యెను. నడక మానెను. మానగా శరీరపు బరువు పెరిగెను. రక్తములో చక్కెర పెరిగెను. పెరిగిన బరువు మరల మడమపైననే పడి నొప్పిని హెచ్చించెను. నడచినచో నొప్పి, మానినచో రోగము! ఈ వలయమునుండి బయటపడు మార్గము లేకపోలేదు. దానిని తెలిసికొనుటకు ముందు పాదనిర్మాణమును కొంత పరిశీలింపవలెను.

విల్లు, నారి

మానవుని ఒక్కొక్క పాదములో 26 ఎముకలు, 33 కీళ్ళు కలవు. ఈ ఎముకలు చదునుగా పరచినట్లుండక మడమనుండి వ్రేళ్ళ మొదళ్ళవరకు వంతెన కమానువలె వంగియుండును. తడిపాదముతో గచ్చుమీద నడచి చూచినచో ఈ సంగతి తెలియును. సాధారణముగా మడమ, పాదపు వెలుపలి అంచు, ముంగాలు ముద్రలు పడును. లోపలివైపు నడిమి భాగపు ముద్ర పడదు.

కమానుపై బరువు పడినప్పుడు దాని రెండు కొనలు ఒకదానికొకటి దూరముగా జరుగజూచును. వానిని పట్టి ఉంచుటకు ఒక బంధనము కావలెను. అరికాలి చర్మము క్రింద మడమ ఎముక అడుగున మొదలై, ఐదు పాయలుగా చీలి, వ్రేళ్ళ మొదళ్ళకు అతుకుకొనియున్న ఒక గట్టి పట్టీ ఈ పనిని చేయుచున్నది. శాస్త్రజ్ఞులు దీనిని ప్లాంటార్ ఫేసియా అందురు. మనము అరికాలి పట్టీ అనవచ్చును. ఎముకల వంపు విల్లు అయినచో ఈ పట్టీ దానికి కట్టిన నారి. ఇది ముఖ్యముగా కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులతో ఏర్పడినది. ఆరోగ్యవంతులలో మడమవద్ద దీని మందము సామాన్యముగా 4 మిల్లీమీటర్లకు మించదు.

నడచునప్పుడు మడమ పైకి లేచి, బరువు ముంగాలిపైకి వచ్చి, వ్రేళ్ళు పైకి వంగును. అప్పుడు గిలకపై చాంతాడు చుట్టుకొన్నట్లు, ఈ పట్టీ వ్రేళ్ళ మొదళ్ళవద్దనున్న ఎముకల గుండ్రని తలలపై చుట్టుకొని బిగియును. మడమ, ముంగాలు దగ్గరకు లాగబడి వంపు మరింత ఎత్తగును. అంతవరకు మెత్తగా నేలకు ఒదిగియున్న పాదము గట్టి మీటగా మారి శరీరమును ముందుకు తోయును. ఈ గిలక పద్ధతిని 1954లో హిక్స్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. తరగతిలో దీనిని సులభముగా ప్రదర్శింపవచ్చును. ఒక విద్యార్థిని చెప్పులు లేకుండ తిన్నగా నిలువబెట్టి, మరియొకడు అతని కాలి బొటనవ్రేలిని మెల్లగా పైకెత్తవలెను. అరికాలి వంపు కండ్ల యెదుటనే పైకి లేచుట అందరును చూడవచ్చును.

పట్టీపై పడు పని ఎంత?

60 కిలోగ్రాముల బరువుగల మనిషి రెండు కాళ్ళపై నిలబడినప్పుడు ఒక్కొక్క పాదముపై 30 కిలోగ్రాముల భారముండును. నడకలో శరీరము ఒంటికాలిపై ఆనినప్పుడు నేల ఒత్తిడి శరీరపు బరువునకు సుమారు 1.2 రెట్లు, అనగా 72 కిలోగ్రాములకు చేరును. పరుగులో అది రెండు మూడు రెట్లగును. నిమిషమునకు 100 అడుగుల చొప్పున అరగంట నడచినచో ఒక్కొక్క పాదము 1,500 పర్యాయములు ఈ భారమును మోయవలెను. అలవాటు లేనివారు ఒక్కసారిగా నడకను రెట్టింపు చేసినప్పుడు, పట్టీలో కలుగు సూక్ష్మమైన చీలికలు మరమ్మతు కాకమునుపే క్రొత్తవి ఏర్పడుచుండును. కొల్లాజెన్ పోగులు క్రమము తప్పి, పట్టీ మొదలు మందమగును, నొప్పి ఆరంభమగును.

ఇది కేవలము వాపు అని పూర్వము తలచెడివారు. కాని శస్త్రచికిత్సలో తీసిన పట్టీ ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించి 2003లో ప్రకటించిన పరిశోధనలో వాపు లక్షణములకు బదులు పోగుల శిథిలతయే కనబడెను. ఈ సంగతి చికిత్సకు ముఖ్యమైనది. వాపును అణచు మాత్రలు కొంత ఉపశమనమీయవచ్చునుగాని, శిథిలమైన పోగులను తిరిగి అల్లజాలవు.

తెల్లవారుజాము పోటునకు కారణము కూడ ఇక్కడనే ఉన్నది. నిద్రలో పాదము క్రిందికి వాలి యుండుటచే పట్టీ, పిక్క కండరములు రాత్రియంతయు కుదించుకొని యుండును. మొదటి అడుగుతో అవి హఠాత్తుగా సాగదీయబడును. పిక్క బిగుసుకొని చీలమండ పైకి వంగలేని వారికి, స్థూలకాయులకు, దినమంతయు గట్టి నేలపై నిలబడి పనిచేయు వారికి ఈ బాధ ఎక్కువగా వచ్చును. ఉపాధ్యాయులు ఈ కడపటి తెగలోనివారే.

ఎముక పెరిగినదా?

ఎక్స్‌రే తీయించిన పలువురు "మడమలో ఎముక పెరిగినది" అని భయపడుదురు. మడమ ఎముక అడుగున ముల్లువంటి మొలక కనబడుట నిజమే. కాని నొప్పి ఎన్నడును ఎరుగని అనేకుల మడమలలో కూడ అట్టి మొలకలు ఉండును. నొప్పి పూర్తిగా తగ్గిన పిదపను అవి అట్లే ఉండును. కావున మొలకను చూచి శస్త్రచికిత్సకు తొందరపడ పనిలేదు. అధిక సంఖ్యాకులకు ఏడాదిలోపల శస్త్రచికిత్స లేకుండగనే నయమగును.

విశ్రాంతియా, వ్యాయామమా?

కొల్లాజెన్ పోగులు తమపై పడు లాగుడును బట్టి బలపడు స్వభావము గలవి. మితిమీరిన భారము వానిని చెరచును. భారమే లేనిచో అవి బలహీనపడును. కాబట్టి పూర్ణవిశ్రాంతియు, మొండిగా నడచుటయు రెండును సరికావు. భారమును తగ్గించి, కొలతతో క్రమముగా పెంచుటయే మార్గము.

మొదటిది సాగదీయుట. ఉదయమున మంచము దిగకమునుపే నొప్పిగల కాలిని రెండవ మోకాలిపై వేసికొని, వ్రేళ్ళను చేతితో ముణుకువైపు వెనుకకు వంచి, 10 సెకనులు పట్టవలెను. అరికాలిలో పట్టీ తీగవలె బిగియుట రెండవ చేతికి తెలియును. ఇట్లు 10 పర్యాయములు, దినమునకు మూడు వేళల చేయవలెను. పిక్కకొరకు గోడకు చేతులానించి, నొప్పిగల కాలిని వెనుకనుంచి, మడమ నేలను వీడకుండ ముందుకు వంగవలెను.

రెండవది బలము చేకూర్చుట. మెట్టుపై చుట్టిన తువ్వాలునుంచి, వ్రేళ్ళు దానిపై పైకి వంగియుండునట్లు ముంగాలితో నిలువవలెను. పట్టు తప్పకుండ గోడనో కమ్మీనో పట్టుకొనవలెను. మడమను 3 సెకనులలో పైకెత్తి, 2 సెకనులు నిలిపి, 3 సెకనులలో దింపవలెను. ఇట్లు 12 మార్లు, దినము విడిచి దినము చేయవలెను. ఒంటికాలితో కష్టమైనచో రెండు కాళ్ళతో ఆరంభించి, సులభమైనకొలది పుస్తకముల సంచి వీపున తగిలించి భారము పెంచవచ్చును. డెన్మార్కులో 48 మంది రోగులపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, ఈ విధముగా చేసినవారు మూడు నెలలకు, కేవలము సాగదీసినవారికంటె మెరుగుగా ఉండిరి. ఏడాది గడచునప్పటికి రెండు తెగలవారును ఇంచుమించు సమానమైరి. కావున ఫలితము కొరకు వారములు కాదు, నెలలు ఓపిక పట్టవలెను.

ఈ లోపల గుండెకు, కండరములకు పని తప్పింపరాదు. పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మితమైన వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఇది నడకయే కానక్కరలేదు. సైకిలు, ఈత, కూర్చుండి చేతులతో చేయు కసరత్తు మడమపై అంత భారము మోపవు. నడకను ఆపనక్కరలేనివారు అరగంటను మూడు పది నిమిషములుగా పంచుకొనవచ్చును. హద్దు తెలిసికొనుటకు ఒక సులభమైన గుర్తు కలదు. వ్యాయామములో స్వల్పముగా నొప్పి తోచినను మరునాటి ఉదయము మొదటి అడుగు మునుపటికంటె బాధింపనిచో ఆ పాళ్ళు సరియైనవి. బాధ హెచ్చినచో ముందునాటి పాళ్ళు తగ్గింపవలెను.

పాదరక్షలు, కాపడములు

మన ఇండ్లలో చెప్పులు విడిచి షాబాదు బండలమీదను, గ్రానైటు మీదను తిరుగుట ఆచారము. నొప్పి ఉన్నంతకాలము ఇంటిలో వేసికొనుటకు మెత్తని అడుగుగల చెప్పులు ప్రత్యేకముగా ఉంచుకొనుట మేలు. వానిని మంచము ప్రక్కనే పెట్టుకొనవలెను. అరిగి పలుచనైన రబ్బరు చెప్పులు పనికిరావు.

వేడి ఇటుకపై జిల్లేడాకు పరచి మడమను కాచుకొనుట పల్లెలలో వాడుక. వేడియైనను, మంచుగడ్డ యైనను కొంతసేపు హాయినిచ్చును. అంతకుమించి మేలు చేయవు. మధుమేహముచే పాదములు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవారు ఈ రెండింటి జోలికి పోరాదు. కాలినను వారికి తెలియదు. ఆ పుండు మడమ శూలకంటె ఎన్నో రెట్లు ప్రమాదకరము. స్టెరాయిడ్ సూదిమందు త్వరగా ఉపశమనమిచ్చినను, దాని గుణము కొద్దికాలమే ఉండును. పట్టీ తెగుట, మడమక్రింది క్రొవ్వు మెత్త పలుచబడుట అనునవి దాని వలన కలుగగల నష్టములు.

బాలబాలికల మడమ నొప్పి

ఎనిమిది మొదలు పదునాలుగేండ్ల వయస్సులో పరుగులాడు పిల్లలకు వచ్చు మడమ నొప్పి వేరు. వారి మడమ ఎముక వెనుక భాగము ఇంకను పూర్తిగా అతుకుకొనక, నడుమ మృదులాస్థి పొర ఉండును. పిక్క కండరముల లాగుడుచే అచ్చట నొప్పి పుట్టును. 1912లో దీనిని వర్ణించిన సీవర్ అను వైద్యుని పేర ఇది ప్రసిద్ధము. మడమను ఇరుప్రక్కల అదిమినచో నొప్పి తెలియును. ఎముక అతుకుకొనిన పిదప ఇది దానంతట అదే పోవును. అంతవరకు ఆ పిల్లవానికి ఆట కొంత తగ్గింపవలెను. కుంటుచున్న విద్యార్థిని సోమరియని గద్దించి పరుగెత్తించుట తగదు.

ఏ వయస్సువారికైనను రాత్రివేళ విశ్రాంతిలో సైతము నొప్పి యున్నను, మడమ ఎఱ్ఱబడి జ్వరము వచ్చినను, తిమ్మిరి, మంట తోచినను, పరుగు పెంచిన తరువాత కాలు మోపలేకపోయినను, ఉదయము నడుము కూడ చాలసేపు బిగుసుకొని యున్నను వైద్యుని చూడవలెను. అవి వేరు వ్యాధుల గుర్తులు కావచ్చును.

నారి తెగునని భయపడి విల్లును మూలపెట్టినచో నారి బలపడదు. పట్టరాని బలముతో ఒక్కసారి లాగినచో నిలువదు. పాదము విషయమునను అంతే. రోజునకు ఐదు కిలోమీటర్లతో ఆరంభించి మూడు వారములలో మానినవాడు, రోజునకు పది నిమిషములతో ఆరంభించి వారమునకు కొంచెము చొప్పున పెంచియుండినచో, బహుశః నేటికిని నడచుచునే ఉండును.