గీతలు గీసే కాగితం

అమెరికాలో పాత ఇంటి ఓక్ చెక్క నేలకు కొత్త రంగు పట్టించాలనుకున్నవాళ్లు అంగట్లో ఎక్కువసేపు నిలబడేది రంగు డబ్బాల అర ముందు. వాల్‌నట్ ఛాయా, తేనె ఛాయా అన్న తర్జనభర్జనకే సగం పూట గడిచిపోతుంది. తీరా రంగు పూసి తుడిచాక, కిటికీలోంచి ఏటవాలు ఎండ పడగానే నేలంతా పులిచారలు తేలతాయి. ఇక తిట్లన్నీ రంగుకే. పాపం, అది చేసిందల్లా ఉన్న గుట్టు బయటపెట్టడమే. ఆ చారలు అంతకుముందే కంటికి ఆనకుండా చెక్కలో ఉన్నాయి, గీసింది ఉప్పుకాగితం. గరుకును నునుపు చేసే వస్తువుగానే దాన్ని మనం ఎరుగుదుం. అయితే అది చెయ్యగలిగింది గీయడం ఒక్కటే. ఆ గీతలన్నీ ఒక్క తీరున పడేలా చూడటానికి మనుషులు పడ్డ పాట్లే దాని చరిత్ర అని నా వాదన.

భూతద్దం కింద ఉప్పుకాగితంలో ప్రతి గింజా ఒక బుల్లి ఉలి. వెనక అచ్చువేసిన అంకె ఆ గింజ పరిమాణం చెబుతుంది: 36లో గింజ దాదాపు అర మిల్లీమీటరు, 80లో మిల్లీమీటరులో అయిదో వంతు, 120లో ఎనిమిదో వంతు. అంకె పెరిగితే గింజ తగ్గడం తికమకగా ఉంటుంది గానీ, దాని పుట్టుక జల్లెడలో ఉంది. అంగుళం పొడవున కన్నాలెన్ని అన్న లెక్క అది. పాత వార్నిషును 36తో లేపేసి, 60, 80, 100 అంటూ మెట్లు దిగుతారు. ప్రతి కాగితమూ ముందుదాని గీతల్ని చెరిపి తన గీతల్ని వదులుతుంది. 36 నుంచి ఒక్క గెంతున 100కి దూకితే చిన్న గింజలు పెద్ద చాళ్ల గట్లను మాత్రమే అరగదీస్తాయి, అడుగును అందుకోలేవు. అరచేత్తో నిమిరితే నున్నగానే ఉంటుంది. రంగులోని పొడి మాత్రం నేరుగా ఆ చాళ్లలోకి దిగి కూర్చుంటుంది. అందుకే పని తెలిసినవాళ్లు ప్రతి మెట్టుకూ ముందు నేలమీద పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీసి, ఆ గీత ఎక్కడా మిగలనంతవరకూ యంత్రం తోస్తారు. ఇంత జాగ్రత్తా పడ్డాక, 100 నంబరు కాగితంలో ఒక్కటంటే ఒక్క 36 గింజ కలిసి ఉందనుకోండి. అది నేల ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్క నల్లగీత లాగి పెడుతుంది.

ఈ సాధనం కష్టమంతా ఆ ఒక్క గింజ దగ్గరే ఉంది. గరుకు వస్తువులకు ప్రపంచంలో ఎప్పుడూ కరువు లేదు. సొరచేప తోలుతో చెక్కను రుద్దినవాళ్లున్నారు, ఇసుక పాలు ఎక్కువగా ఉండే గుర్రపుతోక మొక్క కాడలతో రుద్దినవాళ్లున్నారు. పదమూడో శతాబ్దపు చైనాలో గవ్వల పొడినీ ఇసుకనూ బంకతో తోలుకాగితం మీద అంటించారంటారు. గరుకు ఉంది, జిగురు ఉంది, లేనిది నికరం. ఈ కాగితం ఇంకో కాగితంలా ఉండేది కాదు. 1833 ప్రాంతాల లండన్‌లో జాన్ ఓకీ గాజుపొడి కాగితాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతికి దారి వేశాడు. 1834 జూన్‌లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన ఐజక్ ఫిషర్ ఉప్పుకాగితం తయారీ మీద పేటెంట్లు పొందాడు. కొత్తగా గట్టి రాయిని కనిపెట్టినందుకు కాదు, ఉన్నదాన్ని పద్ధతిగా అంటించే తీరు చూపినందుకు వాళ్ల పేర్లు నిలిచాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం సహజం. అసలు ఘనత కాఠిన్యానిది కాదా? 1891లో ఎడ్వర్డ్ ఎచిసన్ కృత్రిమ వజ్రం చేద్దామని బంకమట్టినీ కోకునూ విద్యుత్తుతో కాల్చి, మెరిసే నల్లని స్ఫటికాలు చూశాడు. అదే కార్బొరండం, అంటే సిలికాన్ కార్బైడ్. కాఠిన్యపు మెట్లలో వజ్రానికి 10 అయితే దీనికి 9.5. ఇంకో ఉదాహరణా ఉంది. 1902లో మిన్నెసోటాలోని టూ హార్బర్స్‌లో అయిదుగురు కలిసి కొరండం గని అనుకుని పెట్టిన 3ఎం సంస్థ, అక్కడ దొరికింది అనార్థోసైట్ అనే మెత్తటి రాయి అని తేలడంతో తలకిందులైంది. కాబట్టి కాఠిన్యం అక్కర్లేదని ఎవరూ అనలేరు. కానీ అది గుమ్మం దాటనిచ్చే అర్హత మాత్రమే. అదే 3ఎం 1914లో మళ్లీ దెబ్బతింది, ఈసారి రాయి మంచిదే. స్పెయిన్ నుంచి ఓడలో వచ్చిన గార్నెట్ మీద ప్రయాణంలో ఆలివ్ నూనె ఒలికింది. జిడ్డు పట్టిన గింజను జిగురు పట్టుకోలేదు. కొన్నవాళ్ల చేతుల్లో గింజలు రాలిపోయాయి. చివరికి గార్నెట్‌ను వేయించి నూనె వదిలించారు. 1916లో సంస్థ తొలి ప్రయోగశాల పెట్టడం వెనక ఈ దెబ్బ ఉంది.

గార్నెట్ కాఠిన్యం ఏడు ప్రాంతాల, కార్బొరండంకన్నా చాలా తక్కువ. అయినా వడ్రంగం దాన్ని వదలలేదు, ఎందుకంటే అరుగుతూ విరిగినప్పుడు దానికి కొత్త అంచు పుడుతుంది. భీమిలి తీరంలో ఇసుకమీద ఎర్రగా, నల్లగా కనిపించే చారల్లో ఉండేదీ ఇదే. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లు శిథిలమై గార్నెట్ సముద్రం చేరుతుంది. అల తేలిక ఇసుకను వెనక్కి లాక్కుపోతే బరువు గింజ మిగులుతుంది. జల్లెడకు అందని సన్నపొడిని, 240 నుంచి పైనంబర్లవాటిని, కర్మాగారాల్లోనూ నీళ్లలోనే వేరు చేస్తారు. పెద్ద గింజ త్వరగా మునుగుతుంది, చిన్నది నిదానంగా. వేరుచేసిన గింజ కాగితం మీద పడుకుంటే మళ్లీ దండగే కాబట్టి, విద్యుత్ క్షేత్రంతో దాన్ని మొన పైకి నిలబెట్టి అంటించే పద్ధతి తర్వాత వచ్చింది.

గీతలే చిక్కయితే 220, 320 దాకా వెళ్లి అసలు గీతే లేకుండా చేయొచ్చు కదా అని అడగవచ్చు. బల్లకైతే సరే. నేలను అంత నున్నగా రుద్దితే చెక్క మెరుగెక్కి రంధ్రాలు మూసుకుపోతాయి, రంగు నిలవడానికి చోటుండదు. అదే డబ్బాలోని రంగు వెలిసిపోయినట్టు తేలుతుంది. బిగువైన పోగున్న మేపుల్‌లో ఈ బెడద మరీ ఎక్కువ. రంగుకు గీతలు కావాలి, అవి సమంగా ఉంటే చాలు. మామూలుగా 100, 120 దగ్గర ఆగిపోయేది అందుకే. చిత్రికతోనో, ఉక్కు రేకుతోనో గీకితే ఇంతకన్నా శుభ్రమైన ఉపరితలం వస్తుందన్న వడ్రంగుల మాట అబద్ధం కాదు. కోసిన చెక్కకూ గీసిన చెక్కకూ మెరుపులో తేడా ఉంది. కాకపోతే ప్రతి పలకలోనూ పోగు ఒక్కో వైపు తిరుగుతుంది, పోగుకు ఎదురెళ్తే చిత్రిక పెచ్చు లేపుతుంది. రెండు వందల పలకలమీద ఒకే చేయి ఒకే తీరున నడవడం కష్టం. ఉప్పుకాగితానికి పోగు పట్టింపు తక్కువ.

దానికి లొంగనివి అంచులు. పెద్ద డ్రమ్ము యంత్రం గోడకు నాలుగంగుళాల ఇవతలే ఆగుతుంది. అంచుల యంత్రంలో కాగితం గుండ్రంగా తిరిగి చంద్రవంక గీతలు వేస్తుంది, మధ్యలోనివేమో నిలువు గీతలు. రెండూ కలిసే చోట, రంగు పడ్డాక, గది చుట్టూ పటం కట్టినట్టు ఒక పట్టీ కనిపిస్తుంది. దాన్ని చెరపడానికి ఇంకో యంత్రంతో రెంటినీ కలిపి రుద్దుతారు. ఆ యంత్రమూ చొరబడని చోట, గదిలోని వేడినీళ్ల గొట్టాల వెనక, తలుపు చట్రం మూలల్లో, మోకాళ్లమీద కూర్చుని 100 నంబరు ముక్కను మూడు మడతలు పెట్టి, పోగు వెంబడి చేత్తోనే రుద్దుతారు.