వల్లంకి పిట్టతో వెంకన్న ముచ్చట

'పల్లె కన్నీరు పెడుతుందో...' ఈ పాట వింటే చాలామందికి సొంతూరే కళ్లముందు కదులుతుంది. చేతివృత్తులు చితికిపోయిన పల్లె గోసను చెప్పిన ఆ పాట 2002లో 'కుబుసం' సినిమాతో తెలుగునాట మారుమోగింది. రాసింది గోరటి వెంకన్న. పుట్టింది 1963లో, పాలమూరు జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా.

దశాబ్దాలుగా సభల్లో చిందేస్తూ పాడిన ఆ వెంకన్నలోనే మరో వెంకన్న ఉన్నాడు. వేదిక దిగి చెట్టు కిందికి నడుస్తాడు. పిట్టనీ వాగునీ వెన్నెలనీ పలకరిస్తాడు. 'వల్లంకి తాళం' ఆ వెంకన్న పుస్తకం. వల్లంకి అంటే ఓ పిట్ట. ఇందులో నినాదం తగ్గింది, ఏకాంతం పెరిగింది. అలాగని జనాన్ని వదిలేశాడనుకుంటే పొరపాటే. నీళ్లు లేక ఊళ్లకు ఊళ్లు వలసబాట పట్టిన నేల పాలమూరు. అక్కడ వాగు పారిందన్నా, చెట్టు మీద పిట్ట వాలిందన్నా ఊరు బతికుందనే!

పాటను కవిత్వం పక్కన కూర్చోబెట్టడానికి మన సాహిత్యలోకం కాస్త తటపటాయిస్తూనే ఉంటుంది. అలాంటిది, 2021లో ఈ పుస్తకానికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. నాట్లేస్తూ, కలుపు తీస్తూ పాడుకున్న పాలమూరు అమ్మల యాసకీ ఆ గౌరవంలో వాటా ఉంది.

పుస్తకం దొరికితే మనసులో చదువుకోకండి. ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు గొంతెత్తి పాడండి. దాని రుచి అప్పుడే తెలుస్తుంది.