పీచు అరగదుగా, మరెందుకు తినాలి?

గోరుచిక్కుడు, తోటకూర, జొన్నరొట్టె, జామకాయ... వీటిలోని పీచును మనం అరిగించుకోలేం. అయినా తినమంటారు, ఎందుకు?

అరగని పీచు పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి కోట్లాది బ్యాక్టీరియాకు అదే భోజనం. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. పైగా పీచు మలాన్ని మెత్తబరిచి త్వరగా బయటికి పంపుతుంది. దాంతో హానికర పదార్థాలు పేగును తాకి ఉండే సమయం తగ్గుతుంది. అందుకే పీచు బాగా తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు తక్కువ. తక్కువే కానీ, అసలు లేదని కాదు.

ఎంత తినాలి? పదేళ్లు నిండినవారు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కూరగాయల లెక్కలోకి బంగాళదుంప రాదు సుమా!