అమ్మాయి చెప్పేది ముందు వినండి

యూనివర్సిటీలో చదివే అమ్మాయి సెలవులకి ఇంటికొచ్చి "ఇక వెళ్ళనమ్మా" అందా? "నువ్వేం చేశావ్?" అని మాత్రం అడక్కండి. మార్కులు లెక్చరర్ చేతిలో ఉన్నాయని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదేమో!

చెయ్యి వెయ్యడమే కాదు, వెకిలి మాటలు, మార్కుల ఆశ చూపడం, ఫోనుకి పాడు బొమ్మలు పంపడం కూడా లైంగిక వేధింపులే. 2013 చట్టం, యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం అక్కడ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు స్త్రీయే. సంఘటన జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. తగిన కారణముంటే మరో 3 నెలల గడువిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. అమ్మాయి పేరు బయటపెట్టకూడదు.

తేదీలు రాసి ఉంచమనండి, మెసేజీలు చెరపొద్దనండి. పరువు పోతుందని చదువు మాన్పించకండి. తప్పు చేసినవాడుండగా మన పిల్లెందుకు తలదించుకోవాలి?